స్టార్ చార్టా, పనుల చార్టా? కేజీ క్లాసులో ఏది మేలు?

నా క్లాసులో ఓ బాబు పక్కన కూర్చున్న పాప క్రేయాన్స్ డబ్బాని మోచేత్తో మెల్లగా టేబుల్ అంచుదాకా తోశాడు, ఇంకొంచెం తోశాడు, అది ధబీమని పడి క్రేయాన్లన్నీ చెల్లాచెదురయ్యాయి, పాప ఏడుపు అందుకునేలోపే వీడు టేబుల్ కిందకి దూరి అన్నీ ఏరి డబ్బాలో వేసి ఇచ్చేసి, ఆ పిల్ల మొహం వైపు కూడా చూడకుండా నేరుగా నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"టీచర్, నేను హెల్ప్ చేశాను. స్టార్ ఇవ్వండి."

నవ్వాలో తల పట్టుకోవాలో తెలీలేదు. ఐదేళ్లు కూడా నిండలేదు, నేను పెట్టిన సిస్టమ్‌లో లొసుగు పట్టేశాడు. వాణ్ణి అనడానికేముంది, గోడ మీద పేర్లు రాసి వరసగా గళ్లు గీసి, మంచి పని చేస్తే ఒక స్టార్, పది స్టార్లయితే బహుమతి అని ఊరించింది నేనే కదా. ఆ రోజు నుంచి ఆలోచిస్తూ ఆలోచిస్తూ చివరికి ఆ చార్ట్ తీసేసి, క్లాసు పనుల్ని పిల్లలకి వంతులేసి పంచే పనుల చార్ట్ పెట్టాను. రెండూ వాడినదాన్ని కాబట్టి ఏది ఎక్కడ పనికొస్తుందో, ఏది ఎక్కడ దెబ్బకొడుతుందో రాస్తున్నా.

ముందు స్టార్ల గురించి న్యాయంగా మాట్లాడదాం. అవి పనిచేస్తాయి, వెంటనే పనిచేస్తాయి. కొత్తగా చేరిన పిల్లలు సగంమంది అమ్మ కావాలని ఏడుస్తూ, మిగతా సగం కుర్చీలెక్కి దూకుతూ ఉన్న మొదటి వారంలో "చక్కగా కూర్చున్నవాళ్లకి స్టార్" అన్న ఒక్క మాటకి క్లాసంతా మంత్రమేసినట్టు సర్దుకుంటుంది. తల్లిదండ్రులకీ ఇష్టమే, సాయంత్రం గేటు దగ్గర "మావాడికి ఇవాళ ఎన్నొచ్చాయండీ?" అని అడగడానికి ఒక లెక్క దొరుకుతుంది కదా.

ఇబ్బంది ఎక్కడంటే, మూడో వారం వచ్చేసరికి పిల్లల కళ్లు స్నేహితుడి మీద ఉండవు, నా మీద ఉంటాయి. నేను చూస్తుంటే జాలి, చూడకపోతే లేదు. దీనిమీద 1973లో అమెరికాలో ముగ్గురు సైకాలజిస్టులు చేసిన ప్రయోగం ఒకటుంది, టీచర్ల ట్రైనింగుల్లో చాలాచోట్ల చెప్తుంటారు. బొమ్మలేయడమంటే ముందునుంచే ఇష్టమున్న నర్సరీ పిల్లల్ని తీసుకుని, కొందరికి "బొమ్మ వేస్తే అవార్డు ఇస్తాం" అని ముందే చెప్పారు, కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు, ఇంకొందరికి అసలు ఇవ్వలేదు. తర్వాత కొన్నాళ్లకి అవే స్కెచ్ పెన్నులు క్లాసులో ఊరికే పెట్టి చూస్తే, ముందే ఆశపెట్టిన పిల్లలు మిగతావాళ్లలో సగంసేపే వాటితో ఆడారు. ఇంతకీ ఆ అవార్డేంటో తెలుసా, బంగారు రంగు స్టార్, ఎర్ర రిబ్బనూ ఉన్న సర్టిఫికెట్టు. అచ్చం మన చార్టే!

అది బొమ్మల సంగతి, సాయం చేయడం వేరు కదా అనుకోవచ్చు. 2008లో వార్నెకెన్, తొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు ఇరవై నెలల పసివాళ్ల మీద అదీ చూశారు. పెద్దవాళ్ల చేతిలోంచి జారిన వస్తువు తీసిచ్చినప్పుడల్లా కొందరికి ఆడుకోడానికి ఒక చిన్న క్యూబ్ ఇచ్చారు, కొందర్ని మెచ్చుకున్నారు, కొందరి విషయంలో ఏమీ చేయలేదు. తర్వాత బహుమతులు ఆపేస్తే క్యూబులు తీసుకున్న పిల్లలే తక్కువ సాయం చేశారు. మెచ్చుకోలు వల్ల నష్టమేం కనపడలేదు. అంటే సాయం చేయాలన్న బుద్ధి పిల్లలకి మనం కొత్తగా నేర్పేది కాదు, ఉన్నదే, దానికి ధర కట్టినప్పుడే చెడుతుంది.

ఇక పనుల చార్ట్. ఒక అట్టకి జేబులు కుట్టి, ఒక్కో జేబు మీద ఒక్కో పని బొమ్మ, దాంట్లో ఆ వారం ఎవరి వంతో ఆ పిల్ల ఫోటో. చదవడం రాదు కాబట్టి బొమ్మా ఫోటో ఉండాల్సిందే, అక్షరాలతో చార్ట్ పెడితే అది మనకోసం పెట్టుకున్నట్టే. తలుపు పట్టుకునేవాళ్లు, మొక్కలకి నీళ్లు పోసేవాళ్లు, కుర్చీలు లోపలికి నెట్టారో లేదో చూసేవాళ్లు, స్కెచ్ పెన్నులకి మూతలు పెట్టేవాళ్లు, పొద్దున్నే గుమ్మంలో నిలబడి అందర్నీ పేరుపెట్టి పలకరించేవాళ్లు. నాకన్నిటికన్నా ఇష్టమైన పని ఇంకోటుంది, ఇవాళ ఎవరు రాలేదో చూసేవాళ్లు. ఈ పనున్న పిల్ల అందరూ గుండ్రంగా కూర్చునే సర్కిల్‌లో ఖాళీ చూసి ఆ పేరు చెప్తుంది, ఆ రోజు వేసిన బొమ్మల్లో ఒకటి పక్కన పెడుతుంది, రాని పిల్ల తిరిగొచ్చినప్పుడు అది చేతిలో పెట్టి "నువ్వు నిన్న రాలేదుగా" అంటుంది. అంతే. రెండ్రోజులు జ్వరంతో పడుండి వచ్చిన నాలుగేళ్ల పిల్లకి, తను లేకపోతే ఇక్కడ ఎవరో చూసుకున్నారని తెలిసినప్పుడు మొహం ఎలా ఉంటుందో చూడాలి మీరు.

(చెప్పడం మర్చిపోయా, 1840లో ఫ్రోబెల్ అనే జర్మన్ విద్యావేత్త పెట్టిన కిండర్‌గార్టెన్ అన్న పేరుకి అర్థమే పిల్లల తోట. ఆయన ఊరికే పోలికకి అనలేదు, పిల్లలు పెంచుకోడానికి నిజంగానే మళ్లు ఉండాలన్నాడు. మొక్కకి నీళ్లు పోసే పని అంత పాతది.)

పనుల చార్ట్‌కి లోపాల్లేవా అంటే బోలెడు. మొదటి మూడు వారాలు తలప్రాణం తోకకొస్తుంది. నేనే చేస్తే రెండు నిమిషాల్లో అయ్యేది పిల్లలు చేస్తే పది నిమిషాలు, మొక్కకి పోసిన నీళ్లకన్నా నేలమీద పోసినవే ఎక్కువ, తలుపు పట్టుకున్నవాడు వదలడు, లైన్ లీడర్ పని కోసం యుద్ధాలు. వంతు ఎవరిదో చార్టే చెప్పాలి, టీచర్ చెప్పకూడదు, అప్పుడే గొడవ తగ్గుతుంది. రోజుకొకళ్లని మార్చడమా వారానికొకళ్లనా అంటే నేను వారమే అంటాను, సోమవారం నేర్చుకుంటారు, మంగళవారం మర్చిపోతారు, బుధవారం నుంచీ అది వాళ్ల సొంతం అయిపోతుంది, రోజూ మార్చేస్తే ఎప్పటికీ సోమవారంలోనే ఉండిపోతాం. ఇంకో మాట, అల్లరి చేశాడని పని పీకేయడం, బుద్ధిగా ఉందని మంచి పని ఇవ్వడం ఒక్కసారి చేశారా, పనుల చార్ట్ కాస్తా మారువేషంలో ఉన్న స్టార్ చార్ట్ అయిపోతుంది. నేను చేశాను, అందుకే చెప్తున్నా.

"హెల్ప్ చేస్తావా" అనాలా, "హెల్పర్‌గా ఉంటావా" అనాలా అన్నది కూడా చిన్న విషయం కాదు. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల్ని హెల్పర్ అని పిలిస్తే ఎక్కువ సాయం చేశారని 2014లో ఒక పరిశోధన వచ్చింది, అందరం సంబరపడి చార్టులన్నిటి మీదా హెల్పర్ అని రాసుకున్నాం. 2018లో ఇంకోటొచ్చింది, సాయం చేయబోయి పని చెడిపోతే మాత్రం హెల్పర్ అని పిలిపించుకున్న పిల్లలే ఎక్కువ డీలా పడ్డారట. గ్లాసు ఒలికితే నీళ్లు ఒలికినట్టు ఉండదు, నేను హెల్పర్నే కాదు అన్నట్టుంటుంది వాళ్లకి. కాబట్టి నేను చార్ట్ మీద హెల్పర్ ఉంచాను, ఒలికినప్పుడు మాత్రం ఆ మాట ఎత్తను, "గుడ్డ ఎక్కడుందో నీకు తెలుసుగా నాన్నా" అంటాను.

సారీ సంగతికొద్దాం. ఇక్కడా రెండు దారులున్నాయి, గట్టిగా "సారీ చెప్పు" అనడం ఒకటి, జరిగినదాన్ని బాగుచేయించడం ఇంకోటి. మొదటిదానికి పట్టే టైమ్ నాలుగు సెకన్లు, వచ్చేది "సాాారీ" అని పాట, కళ్లు సీలింగ్ వైపు, ఏడ్చే పిల్ల ఇంకా ఏడుస్తూనే ఉంటుంది. ఆరేడేళ్ల పిల్లలతో 2016లో చేసిన ఒక ప్రయోగంలో, పిల్లలు కప్పులు పేర్చి టవర్ కడుతుంటే పక్కనున్న పెద్దావిడ పొరపాటున తగిలినట్టు దాన్ని పడేస్తుంది. ఉత్త సారీ చెప్పినప్పుడు పిల్లల బాధ పెద్దగా తగ్గలేదు, మళ్లీ కట్టడానికి సాయం చేసినప్పుడు తగ్గింది. అలాగని సారీ దండగేం కాదు, ఆవిడ మీద మనసు విరగకుండా అది కాపాడింది.

నేను చేసేదేంటంటే, కొట్టినవాణ్ణి కాదు, ముందు దెబ్బ తగిలిన పిల్లని అడుగుతాను. "ఇప్పుడు నీకేం కావాలి బంగారం?" ఒకసారి టిష్యూ అంటుంది, ఒకసారి బ్లాక్స్ మళ్లీ కట్టమంటుంది, ఒక్కోసారి "వాడు నా దగ్గరికి రావద్దు" అంటుంది, అప్పుడు దూరంగా ఉండడమే వాడు చేయాల్సిన బాగుచేత. బలవంతంగా కౌగిలింతలు చేయించడం నాకస్సలు నచ్చదు. ఇదంతా నాలుగైదు నిమిషాలు తింటుంది, అవతల పాతికమంది ఉంటారు, అన్నిసార్లూ కుదరదు, కుదరనప్పుడు నేనూ "సారీ చెప్పు" అనేస్తాను, దాచుకోవడమెందుకు.

బొమ్మలు సర్దే టైమ్‌కి గంట మేలా పాట మేలా అంటే పాటే, పెద్దగా ఆలోచించక్కర్లేదు. గంట ఒక్కసారిగా ఆటని తెంచేస్తుంది, పాట ఎక్కడ అయిపోతుందో పిల్లలకి తెలుసు, చివరి లైన్ వచ్చేలోపు ఆఖరి బ్లాక్ బుట్టలో పడాలని పరుగులు పెడతారు. "ఇంకో ఐదు నిమిషాలే" అన్నది మాత్రం దండగ హెచ్చరిక, ఐదు నిమిషాలంటే ఎంతో వాళ్లకేం తెలుసు, "ఇంకో రెండు బ్లాకులు పెట్టాక సర్దేద్దాం" అంటే లెక్క అందుతుంది.

సర్కిల్‌లో కూర్చోబెట్టి దయ, ప్రేమ, పంచుకోవడం అని కథలు చెప్పడం మేలా, ఎలా చేయాలో చేసి చూపించడం మేలా? కథలు నాకిష్టమే, కానీ కథ అవగానే అదే బొమ్మ కోసం జుట్టు పట్టుకున్న పిల్లల్ని చూశాక నమ్మకం సడలింది. మాంటిస్సోరి పద్ధతి మొదలెట్టిన మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో పేద పిల్లల కోసం స్కూల్ తెరిచినప్పుడు ఒకరోజు ముక్కు ఎలా చీదుకోవాలో చూపించిందట, రుమాలు ఎలా మడవాలి, చప్పుడు రాకుండా ఎలా తుడుచుకోవాలి అని, అదీ చాలా సీరియస్‌గా. నవ్వుతారనుకుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. ముక్కు కారుతోందని అందరూ తిట్టేవాళ్లే గానీ ఎలా తుడుచుకోవాలో అప్పటిదాకా ఒక్కరూ చూపించలేదు మరి. అందుకని నేను కూడా అందరూ ప్రశాంతంగా ఉన్నప్పుడు రిహార్సల్ పెడతాను. ఆటలో కలవాలంటే ఏమనాలి, వద్దంటే ఏం చేయాలి, నేను వేరేవాళ్లతో మాట్లాడుతుంటే నా చెయ్యి మీద చెయ్యి వేసి ఎలా ఆగాలి. వెధవ్వేషాలు వేసే పిల్లాడి పాత్ర నేను వేస్తే మా వాళ్లకి పండగ.

అయితే స్టార్లని పూర్తిగా చెత్తబుట్టలో వేసేశానా అంటే లేదు. ఒకే పిల్లకి, ఒకే అలవాటుకి, కొన్నాళ్లపాటు, గోడమీద కాకుండా తన పుస్తకంలో అయితే వాడతాను, బాత్రూమ్‌కి చెప్పి వెళ్లడం లాంటివాటికి. అలవాటు నిలబడగానే ఆపేయాలి. మంచితనానికి మాత్రం వద్దు. ఇప్పటికే మీ క్లాసులో పెద్ద చార్ట్ ఉంటే రాత్రికి రాత్రి పీకేయకండి, పది స్టార్లొస్తాయని నమ్మినవాళ్లకి ఇచ్చిన మాట ఉంది, నడుస్తున్న వరస పూర్తిచేసి బహుమతి ఇచ్చి, కొత్తది మొదలెట్టకుండా ఊరుకోండి. నాకైతే వారంపాటు అడిగారు, తర్వాత మర్చిపోయారు.

క్రేయాన్స్ బాబు మాత్రం మర్చిపోలేదు, చాన్నాళ్లు అడిగాడు. వాడి వంతుకి మూతలు పెట్టే పని వచ్చింది. గురువారం చూస్తే అదే పాప డబ్బా టేబుల్ అంచున ఉంటే లోపలికి జరిపి, "ఇక్కడ పెట్టకు, పడిపోద్ది" అని పెద్ద అనుభవజ్ఞుడిలా చెప్తున్నాడు, నా వైపు చూడలేదు. లైన్‌లో ముందువాణ్ణి తోయడం మాత్రం ఇంకా మానలేదు, దానికింకా ఏ చార్టూ దొరకలేదు నాకు.