రాతి గోడల ఇంట్లో కొత్త రూటర్: టీపీ-లింక్ ఆర్చర్ ఏఎక్స్23తో ఆరు నెలలు

పాత కడపలో మాది తాతల నాటి మిద్దె. గోడలు రెండడుగుల మందాన రాతితో కట్టినవి, సామాను పెట్టుకునే అరలన్నీ కడప బండలవి. మే నెలలో బయట ఎండ నిప్పులు చెరుగుతున్నా లోపల చల్లగా ఉండటానికి కారణమైన ఈ గోడలే వైఫై సిగ్నల్‌ను గది దాటనివ్వవు. అందువల్ల అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు రాసిన సమీక్షలు మాలాంటి ఇళ్లకు సరిగ్గా అతకవు. ఇలాంటి ఇంట్లో రూటర్ మార్చాలనుకునేవారికి ఉపయోగపడుతుందని నా అనుభవం రాస్తున్నాను.

మా పాత రూటర్ ఎనిమిదేళ్లనాటిది. అట్టపెట్టె మీద 300 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు, ఇంటర్నెట్ వేగానికి కొలత) అని ఉన్నా, అది 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో (వైఫై వాడే రేడియో తరంగాల శ్రేణుల్లో ఒకటి) మాత్రమే పనిచేసేది, పైగా దాని పోర్టులు (తీగలు తగిలించే చోట్లు) 100 ఎంబీపీఎస్‌ను దాటనివ్వవు. ఫైబర్ ప్లాను 150కి పెరిగాక కూడా ముందు హాల్లో నాకు 20కి మించి వచ్చేది కాదు, వెనక గదిలో 3 వస్తే గొప్ప. ఆ గదిలో ఉండే మా అమ్మ, బెంగళూరులో చదువుకుంటున్న మనవరాలితో వీడియోలో మాట్లాడాలంటే ఫోన్ పట్టుకుని వసారాలోకి రావాల్సి వచ్చేది.

కొనడానికి ముందు పాత రూటర్ సెట్టింగులు తెరిచి చూస్తే రెండు విషయాలు బయటపడ్డాయి. మొదటిది, సెక్యూరిటీ దగ్గర టీకేఐపీ (వైఫైలో వెళ్లే సమాచారాన్ని రహస్యంగా ఉంచే పాత పద్ధతి) అని ఉంది. ఆ పాత పద్ధతిలో ఉంటే వైఫై వేగం 54 ఎంబీపీఎస్ దగ్గరే ఆగిపోతుంది, ఏఈఎస్ అనే కొత్త పద్ధతికి మారిస్తేనే రూటర్ అసలు శక్తి బయటికొస్తుంది. రెండోది, చానల్, అంటే బ్యాండ్‌లో రూటర్ వాడుకునే భాగం. 2.4 బ్యాండ్‌లో ఒకదానితో ఒకటి కలవకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. మా వీధిలో దాదాపు అందరి రూటర్లూ 6 మీదే ఉన్నాయి. ఈ రెండూ సరిచేయగానే పైసా ఖర్చు లేకుండా హాల్లో వేగం 20 నుంచి 65కి పెరిగింది. రూటర్ మార్చే ఆలోచన ఉన్న ప్రతి ఒక్కరూ ముందు ఈ పని చేయాలని గట్టిగా చెబుతాను. అయితే వెనక గది పరిస్థితి మారలేదు, కంపెనీ నుంచి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఆగిపోయి కూడా చాలా కాలమైంది. అందుకే కొత్తది కొన్నాను.

కొట్టులో అబ్బాయి, "సార్, రూటర్ ఎందుకు, రిపీటర్ పెట్టుకోండి, సరిపోతుంది" అన్నాడు. మర్యాదగానే వద్దన్నాను. రిపీటర్ అంటే రూటర్ సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే పెట్టె. ఒకే బ్యాండ్ ఉన్న రిపీటర్ అదే చానల్ మీద విని, మళ్లీ అదే చానల్ మీద చెప్పాలి కాబట్టి వేగం సగానికి సగం పడిపోతుంది. అంతకంటే ముఖ్యంగా, గోడ దాటి దానికి అందేదే బలహీనమైన సిగ్నల్ అయినప్పుడు అది తిరిగి పంచిపెట్టేది ఏముంటుంది?

నేను కొన్న ఆర్చర్ ఏఎక్స్23 వైఫై 6 (వైఫైలో ఆరో తరం) రూటర్, ఏఎక్స్1800 తరగతికి చెందినది. అంటే 2.4 బ్యాండ్‌లో 574, 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో 1201 ఎంబీపీఎస్ వరకు అని లెక్క. ఆ అంకెలు ఏ ఇంట్లోనూ కనబడవు గానీ, పోర్టులన్నీ గిగాబిట్‌వి (1000 ఎంబీపీఎస్‌వి) కావడం మాత్రం నిజమైన లాభం. ఫైబర్ పెట్టె నుంచి వచ్చే 150 ఎంబీపీఎస్ మొత్తం లోపలికి వస్తోంది. హాల్లో 5 బ్యాండ్ మీద ఎప్పుడు చూసినా 140కి తగ్గలేదు. వైఫై భద్రతలో కొత్త పద్ధతి డబ్ల్యూపీఏ3 ఉంది, కాకపోతే మా పాత ప్రింటర్ కోసం డబ్ల్యూపీఏ2 కూడా కలిపి ఉంచాను. రెండు బ్యాండ్లకు వేర్వేరు పేర్లు పెట్టుకున్నాను, ఎందుకంటే ఆ ప్రింటర్ 2.4 మీద తప్ప పనిచేయదు.

అమర్చే రోజున ఇబ్బంది పెట్టింది రూటర్ కాదు, ఫైబర్ కనెక్షన్‌కు కావలసిన యూజర్ పేరు, పాస్‌వర్డ్. అవి మా కనెక్షన్ ఇచ్చినవాళ్ల దగ్గర ఉంటాయి, చెప్పడానికి రెండు రోజులు తిప్పుకున్నారు. కొనకముందే అడిగి రాసిపెట్టుకోవడం మంచిది.

ఇక వెనక గది. కొత్త రూటర్‌ను పాతది ఉన్న గోడ గూట్లోనే పెట్టినప్పుడు అక్కడ 3 కాస్తా 8 అయింది, అంతే. ఆ గూడుకు మూడు వైపులా రాయి, పైనా కిందా బండ. నాలుగు యాంటెన్నాలూ రాతిపెట్టెలో నిలబడ్డట్టే. బయటికి తీసి, హాలు వాకిలికి ఎదురుగా ఆరడుగుల ఎత్తున చెక్క పలక మీద పెట్టగానే అదే గదిలో 22 వచ్చింది. కానీ 5 బ్యాండ్ మాత్రం మొదటి గోడ దగ్గరే ఆగిపోయింది. పౌనఃపున్యం పెరిగేకొద్దీ గోడల్లో సిగ్నల్ నష్టం ఎక్కువవుతుంది, దానికి ఏ కంపెనీ రూటరూ మినహాయింపు కాదు.

చివరికి పనిచేసింది తీగ. రాతికి బెజ్జం వేయించడం ఇష్టం లేక, తలుపుల పైనున్న వెంటిలేటర్ల గుండా పదిహేను మీటర్ల క్యాట్ 6 నెట్‌వర్క్ కేబుల్ లాగించి, దాని చివర పాత రూటర్‌నే తగిలించాను. దాని నెట్‌వర్క్ చిరునామాను 192.168.0.2గా మార్చి, డీహెచ్‌సీపీ (ఇంట్లోని పరికరాలకు చిరునామాలు పంచే ఏర్పాటు) ఆపేసి, కేబుల్‌ను వ్యాన్ పోర్టులో (ఇంటర్నెట్ లోపలికి వచ్చేది) కాక లాన్ పోర్టులో (ఇంట్లోని పరికరాల కోసం ఉండేది) పెట్టాలి. పేరు, పాస్‌వర్డ్ కొత్తదాని 2.4 బ్యాండ్‌వే ఇచ్చి, చానల్ మాత్రం వేరుగా ఉంచాలి. ఇప్పుడు అమ్మ గదిలో 60 వస్తోంది. ఆమె మంచం మీద కూర్చునే మాట్లాడుతోంది.

కరెంటు పోయినప్పుడు రూటరూ ఫైబర్ పెట్టె రెండూ నడిచేలా చిన్న యూపీఎస్ ఒకటి పెట్టాను. మిద్దె పైన మాత్రం ఇప్పటికీ సిగ్నల్ లేదు. వేసవిలో అందరం పైనే పడుకుంటాం కాబట్టి, ఎండలు ముదిరేలోగా మెట్ల వెంట ఇంకో తీగ లాగించాలి.