మాలపిల్ల, రైతుబిడ్డ: బొమ్మ సంగతి సరే, మాట వినపడాలి కదా

ముందు మార్కులు చెప్పేస్తా, తర్వాత తీరిగ్గా మాట్లాడుకుందాం. సినిమాలకు ఐదుకి నాలుగున్నర. ఆన్‌లైన్‌లో ఇప్పుడు మనకు ఉచితంగా దొరికే ప్రింట్లకు ఐదుకి ఒకటిన్నర. ఆ ఒకటిన్నర కూడా ఎవరో ఒకరు శ్రమపడి ఎక్కించారు కాబట్టి, లేకపోతే అదీ ఉండేది కాదు కాబట్టి ఇస్తున్నా.

ఈ రెండు సినిమాలూ తీసిన దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం పేరు నాకు మొదట తెలిసింది సినిమా చూసి కాదు, పోటీ పరీక్షల బిట్లు బట్టీ పట్టి. "బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించిన తెలుగు సినిమా ఏది?" రైతుబిడ్డ. "మాలపిల్ల కథా రచయిత ఎవరు?" చలం. అంతే, రెండు మార్కులు, పేజీ తిప్పేయడం. ఆ సినిమాల్లో ఏముంది, ఎవరికి ఎందుకు మండింది అని ఒక్కరోజూ అనుకోలేదు. పోయిన నెల అమ్మమ్మ మా ఇంటికి వచ్చింది. ఆవిడది గుడివాడ దగ్గర ఊరు. రామబ్రహ్మం పుట్టిన నందమూరు కూడా ఆ కృష్ణా జిల్లాలోనిదే. మాటల్లో "మా నాన్న మాలపిల్ల సినిమాకి ఎడ్లబండి కట్టుకుని వెళ్లొచ్చాడంట రా, వచ్చాక మా నాయనమ్మ ఆయన్ని నూతి దగ్గరే నిలబెట్టి నీళ్లు పోసుకుంటే గానీ లోపలికి రానివ్వలేదంట" అంది. సినిమా చూసొచ్చినందుకు స్నానం! ఆ రాత్రే వెతికి టీవీలో పెట్టా.

పెట్టిన ఐదు నిమిషాలకే నీరసం వచ్చింది. పాత సినిమా చదరంగా ఉండే బొమ్మ కదా, దాన్ని ఇప్పటి టీవీకి సరిపోయేలా పక్కలకు లాగేశారు, అందరి మొహాలూ అప్పడాల్లా సాగిపోయాయి. మూల మీద ఛానెల్ ముద్ర. పేర్లు పడేటప్పుడు తెల్లటి వెలుగులో అక్షరాలు కరిగిపోయి సగం చదవలేం. పాట మధ్యలో ప్రకటనలు. ఇవన్నీ ఓర్చుకోవచ్చు, ఇంతకంటే పాడైన ప్రింట్లు చూసిన వాళ్లమే. కానీ శబ్దం... నూనె మరుగుతున్నట్టు ఒకటే చిటపట, దాని వెనక ఎక్కడో పక్కింట్లో మాట్లాడుతున్నట్టు మాటలు. అమ్మమ్మకి అసలే చెవులు అంతంత మాత్రం. పావుగంట చూసి "ఏమంటున్నాడు రా ఆయన?" అని అడిగింది. నాకూ తెలియలేదు.

ఇది నాకు ఇంత బాధ ఎందుకు కలిగించిందో చెప్పాలి. మాలపిల్ల 1938లో వచ్చింది. అప్పటికి మన టాకీ పుట్టి ఆరేడేళ్లు, తెర నిండా పురాణాలే, నాటకాల నుంచి తెచ్చిన పద్యాలే, మనుషులు ఇంట్లో మాట్లాడుకోని గ్రాంథికమే. అందులోకి ఈ సినిమాకి మాటలు రాసిన తాపీ ధర్మారావు వాడుక భాష తెచ్చి పెట్టాడు. ఊళ్లో మనిషి ఎలా మాట్లాడతాడో తెర మీదా అలాగే. దేవుడి కథ చూడ్డానికి అలవాటు పడిన జనానికి తమ ఊరి చెరువు గొడవ, తమ ఊరి గుడి గొడవ, తమ మాటల్లోనే వినపడితే ఎలా ఉండి ఉంటుంది? ఈ సినిమా బలమంతా ఆ మాటలోనే ఉంది, వివాదం కూడా అందుకే అంతగా అంటుకుంది అని నా నమ్మకం. సరిగ్గా ఆ మాటే ఇప్పటి ప్రింట్లో వినపడదు.

రెండో రాత్రి హెడ్‌ఫోన్స్ తెచ్చి, ఒకటి నేను ఒకటి అమ్మమ్మ పెట్టుకుని, బొమ్మను మళ్లీ చదరంగా మార్చుకుని మొదటి నుంచి చూశాం. అప్పుడు తెలిసింది ఏం పోగొట్టుకుంటున్నామో. కథ చాలామందికి తెలిసిందే. కల్యాణపురం అనే ఊళ్లో హరిజనులకు గుడి లేదు, చెరువు నీళ్లూ లేవు. గుడి పెత్తనం చేసే సుందరరామశాస్త్రి కొడుకు నాగరాజు మాలపల్లెలో శంపాలతను ప్రేమిస్తాడు, ఆమెతో కలకత్తా వెళ్లిపోతాడు. శాస్త్రిగా గోవిందరాజుల సుబ్బారావు. కన్యాశుల్కంలో లుబ్ధావధాన్లుగా ఆయన్ని చూసిన వాళ్లు ఇక్కడ కూడా చూడండి, మొండితనం గొంతులోంచి ఎలా పుడుతుందో తెలుస్తుంది. శంపాలతగా చేసిన కాంచనమాల సంగతి చెప్పక్కర్లేదు, కెమెరా ముందు ఆ అమ్మాయికి ఉన్న చనువు ఆ రోజుల్లో ఇంకెవరికీ లేదనిపించింది. గాంధీ మీద బసవరాజు అప్పారావు రాసిన పాట ఇందులో ఉంది. అప్పారావు 1933లోనే పోయాడు, తన పాట తెర మీద విననే లేదు. ఆ పాట మొదలవగానే అమ్మమ్మ పెదాలు కదిపింది. బడిలో నేర్పారట.

గొడవ సంగతికి వస్తా. 1936లో తిరువాన్కూరు మహారాజు గుళ్ల తలుపులు అందరికీ తెరిచాడు. మన మద్రాసు రాష్ట్రంలో మాత్రం అది ఇంకా రగులుతున్న మంట, మధుర మీనాక్షి గుడిలోకి హరిజనులు అడుగుపెట్టింది 1939 జులైలో. అంటే ఈ సినిమా విడుదలయ్యేటప్పటికి ఆ ప్రశ్న తేలలేదు. జరుగుతున్న పోరాటం మధ్యలో నిలబడి, ఒక వైపు తేల్చుకుని తీసిన సినిమా ఇది. పైగా పేరే "మాలపిల్ల". గోడ మీద ఆ పేరు చూసే చాలామంది మొహం తిప్పుకున్నారట. అగ్రహారాల్లో సినిమాని బహిష్కరించాలన్నారని, దానికి జవాబుగా బ్రాహ్మణులకు టికెట్ లేకుండా చూపిస్తామని ప్రకటించారని, చూసొచ్చి స్నానాలు చేసిన వాళ్లున్నారని సినిమా చరిత్ర రాసిన వాళ్లు చెబుతారు. చదివినప్పుడు కాస్త పెంచి రాశారేమో అనుకునేవాణ్ణి. మా ముత్తాత నూతి దగ్గర స్నానం కథ విన్నాక ఆ అనుమానం పోయింది. ఆయన బ్రాహ్మడు కూడా కాదు, కమ్మ రైతు. అంటే ఆ మైల ఎంతవరకు పాకిందో చూడండి.

నాకు నచ్చనిది కూడా ఉంది, దాచను. శాస్త్రి మనసు ఎప్పుడు మారుతుంది? ఇల్లు అంటుకుని భార్య మంటల్లో చిక్కుకున్నప్పుడు ఒక హరిజనుడు ప్రాణాలకు తెగించి కాపాడితే మారుతుంది. నీళ్లు తోడుకునే హక్కు కోసం మనిషి నిప్పుల్లో దూకి తన మంచితనం రుజువు చేసుకోవాలా? శంపాలత కూడా పట్నం వెళ్లి చదువు, నాజూకు నేర్చుకున్నాకే కోడలిగా పనికొచ్చినట్టు కనిపిస్తుంది. చేతుల్లేని జాకెట్టులో కాంచనమాల ఫోటోలు అప్పట్లో ఇంటింటా గోడలకెక్కాయంటారు. నిజమే, అందంగానే ఉంది. కానీ మాలపల్లెలో ఉన్నప్పటి శంపాలత మాట తీరు నాకు ఎక్కువ నచ్చింది. అక్కడ ఆమెకి ఎవరి అనుమతీ అక్కర్లేదు. గాంధీ మార్గం నమ్మిన పైకులాల వాళ్లు తీసిన సినిమా ఇది, ఆ హద్దు తెలిసే చూడాలి. అయినా 1938లో ఇంత దూరం వచ్చిన వాళ్లు ఎంతమంది అంటే నా దగ్గర జవాబు లేదు, అందుకే మార్కు ఎక్కువ కొయ్యలేదు.

రామబ్రహ్మం మొదట సినిమా వాడు కాదు, పత్రిక వాడు. మద్రాసు నుంచి "ప్రజామిత్ర" నడిపాడు. సినిమా చూస్తుంటే అది తెలుస్తుంది, ఆయన సన్నివేశాలు కొన్ని సంపాదకీయాల్లా ఉంటాయి, ఎవరో ఒకరు నిలబడి విషయం తేల్చి చెప్పేస్తారు. కొంతమందికి విసుగు రావచ్చు. నాకు రాలేదు, ఎందుకంటే చెప్పే వాడికి చెప్పి తీరాలన్న తొందర ఉంది.

ఇక రైతుబిడ్డ, 1939. నా వరకు రెండిట్లో పెద్ద సినిమా ఇదే. దీని ప్రింట్ మాలపిల్ల కంటే అధ్వాన్నం. కొన్ని చోట్ల ఒక మాట సగంలో ఉండగా ఇంకో సన్నివేశంలో పడతాం. నేను చూసిన దాంట్లో రీళ్లు తెగిపోయాయో, ఎక్కించిన వాళ్లు కోశారో గానీ కథ మధ్యలో దారి తప్పుతుంది.

ఇది చూడబోయే ముందు మూడు విషయాలు తెలుసుకుని కూర్చోండి, సినిమా వేరేగా కనిపిస్తుంది. 1937 ఎన్నికల్లో అప్పటిదాకా మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన బొబ్బిలి రాజా, తన సొంత బొబ్బిలిలో వి.వి. గిరి చేతిలో ఓడిపోయాడు. ఆ తర్వాత ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన యాత్ర చేశారు. కాంగ్రెస్ ప్రభుత్వంలో రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం జమీందారీల మీద విచారణ సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఇవన్నీ జరుగుతుండగా రామబ్రహ్మం ఒక రైతు కథ తీశాడు. నర్సిరెడ్డి, పన్ను కట్టలేక షావుకారు దగ్గర అప్పు చేసిన చిన్న రైతు. ఎన్నికలు వస్తాయి, జమీందారు మనిషికి వెయ్యాల్సిన ఓటు రైతుల మనిషికి వేస్తాడు. అక్కణ్నుంచి అతని మీద పడతారు. ఓటు ఎవరికి వేశావని మనిషిని వేధించడం మన ఊళ్లలో ఇప్పుడూ చూడ్డం లేదా? అమ్మమ్మ అయితే మొదటి అరగంటలోనే "ఇది మన ఊరే" అనేసింది.

నర్సిరెడ్డిగా బళ్లారి రాఘవ. నాటకంలో అంత పేరున్న మనిషి, వృత్తికి లాయరు, సినిమాలు మాత్రం మూడే చేశాడు. ఆయన నటన ఎలా ఉండేదో ఈ తరం తెలుసుకోవాలంటే మిగిలిన ఆధారాలు ఇలాంటి గీతలు పడ్డ రీళ్లే. నాటకపు నటుడు కదా అరుస్తాడేమో అనుకున్నా. అరవడు. అప్పు అడిగేటప్పుడు గొంతు తగ్గిస్తాడు. ఆ తగ్గించిన గొంతు ఈ ప్రింట్లో చిటపటల కింద మునిగిపోతుంటే నాకు నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి. అదే సినిమాలో చిన్నపిల్ల టంగుటూరి సూర్యకుమారి ఉంది, ప్రకాశం గారి తమ్ముడి కూతురు. పెదనాన్న జమీందారీల మీద విచారణ చేస్తున్న రోజుల్లోనే ఆ పిల్ల రైతు సినిమాలో పాడుతోంది. రచయిత త్రిపురనేని గోపీచంద్, పాటల రచయిత కొసరాజు సినిమాల్లోకి వచ్చింది కూడా దీనితోనే. కొసరాజు పాటలంటే పొలం గట్టు మీద పుట్టిన పాటలు, ఆ యాస వినాలి, ఈ ప్రింట్లో ట్యూన్ వినపడుతుంది, పదాలు వినపడవు. వేదాంతం రాఘవయ్య నాట్యం ఒక్కటి బతికి బయటపడింది, దానికి మాట అక్కర్లేదు కాబట్టి.

జమీందార్లు ఊరుకోలేదు. వెంకటగిరి, బొబ్బిలి పేర్లు ఈ గొడవలో ఎక్కువగా వినిపిస్తాయి. సినిమా ఆడకుండా చూశారు, చివరికి నిషేధం పడింది. నేను బట్టీ పట్టిన ఆ ఒక్క మార్కు బిట్టు వెనక ఉన్నది ఇదీ.

అయితే ఈ సినిమాకి డబ్బు పెట్టిందెవరో తెలుసా? దీన్ని నిర్మించిన సారథి ఫిలిమ్స్ వెనక ఉన్నది చల్లపల్లి రాజా యార్లగడ్డ శివరామప్రసాద్. ఆయనా జమీందారే! మా అమ్మమ్మకు ఇది చెబితే నమ్మలేదు, ఎందుకంటే ఆ ప్రాంతంలో చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం రైతులు, కూలీలు చేసిన పోరాటాలు ఆవిడ విని పెరిగింది. నాకూ మింగుడు పడటానికి టైం పట్టింది. కొందరు దీన్ని రాజకీయంగా వేరే జమీందార్లతో పోటీ అంటారు, కొందరు ఉదారత అంటారు. రాజా మనసులో ఏముందో గానీ, ఆ డబ్బుతో రామబ్రహ్మం ఏం తీశాడో తెర మీద ఉంది, జమీందారీని తిట్టే చోట ఎక్కడా నోరు నొక్కుకోలేదు. జమీందారీ రద్దు చట్టం 1948లో గానీ రాలేదు. అప్పటికి రామబ్రహ్మం లేడు. 1946లో, 44 ఏళ్లకే పోయాడు.

మిగతావి తొందరగా చెప్తా. ఇల్లాలు, అపవాదు, పత్ని, పంతులమ్మ, మాయాలోకం... రైతుబిడ్డ తర్వాత ఆ వేడి ఎందులోనూ కనిపించలేదు నాకు. దెబ్బ తిన్నాడనే అనిపిస్తుంది. పల్నాటి యుద్ధం సగంలో ఉండగా చనిపోతే ఎల్.వి. ప్రసాద్ పూర్తి చేశాడు, 1947లో వచ్చింది. అన్ని కులాల వాళ్లనీ కలిపి కూర్చోబెట్టి తినిపించిన బ్రహ్మనాయుడి చాపకూడు కథ ఎంచుకున్నాడంటే పాత పట్టుదల పూర్తిగా పోలేదన్నమాట.

చూడాలనుకునే వాళ్లకు: టీవీ స్పీకర్లలో వద్దు, హెడ్‌ఫోన్స్ తప్పనిసరి. బొమ్మ సాగినట్టుంటే సెట్టింగ్స్‌లో 4:3 పెట్టుకోండి. "హెచ్‌డీ" అని రాసి ఉన్న కాపీ జోలికి పోకండి, మొహాలు మైనం బొమ్మల్లా చేసి పెట్టారు, శబ్దం మాత్రం అదే. ముందు మాలపిల్ల, తర్వాత రైతుబిడ్డ. ఒకే రాత్రి రెండూ చూడకండి, అలసిపోతారు. చాలా ఏళ్ల కిందట విజయవాడలో ఒక షాపులో మాలపిల్ల అని రాసి ఉన్న సీడీ కొన్నా, ఇంటికొచ్చి పెడితే లోపల వేరే సినిమా, కాబట్టి పాత సీడీలు దొరికినా అక్కడే పెట్టి చూసి కొనండి.

పాత సినిమాల మీద ప్రేమ ఉన్న వాళ్లు, చేతిలో డబ్బు ఉన్న వాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే నా మనవి ఒక్కటే. రంగులు వెయ్యకండి, బొమ్మకు మెరుగులు దిద్దడం మీద ఉన్నదంతా పెట్టకండి. ముందు శబ్దం శుభ్రం చేయించండి, కింద తెలుగులోనే మాటలు వెయ్యండి. మా అమ్మమ్మ లాంటి వాళ్లు చదువుకుంటూ చూస్తారు.

ఊరికి వెళ్లే ముందు రోజు రాత్రి ఆవిడ రైతుబిడ్డలో అప్పు అడిగే సన్నివేశం మళ్లీ పెట్టమంది. మూడుసార్లు వెనక్కి తిప్పించింది. రాఘవ అన్న మాటలు రెండు నాకు పట్టుబడలేదు గానీ, మూడోసారికి ఆవిడకి పట్టుబడ్డాయి, పైకి చెప్పింది, నేను రాసి పెట్టుకున్నా.