ఒకే గదిలో మూడు కాలాలు: పాత సొరుగుల బల్ల, వంపు కుర్చీలు, కొత్త పుస్తకాల అర

మూడేళ్ళ క్రితం ఇంట్లో ఒక గదిని చదువుకోవడానికి వీలుగా అమర్చుకోవాలనుకున్నప్పుడు, కావాలనే మూడు వేర్వేరు కాలాల సామాను కొన్నాను. వందేళ్ళు దాటిందని చెప్పి అమ్మిన టేకు సొరుగుల బల్ల ఒకటి, సుమారు అరవై ఏళ్ళనాటి వంపు చెక్క కుర్చీలు రెండు, పెట్టెలో విడిభాగాలుగా వచ్చిన కొత్త పుస్తకాల అర ఒకటి. వీటిని రోజూ వాడుతూ వచ్చాక నాలో స్థిరపడిన అభిప్రాయం ఒక్కటే: చెక్క సామాను కొనేటప్పుడు దాని వయసు అడగడానికి ముందే, పాడైతే దాన్ని విప్పి బాగుచేయవచ్చా అని అడగాలి. ఈ సమీక్షలో మూడింటినీ ఆ ఒక్క ప్రశ్నతోనే చూశాను.

ముందుగా పేర్ల సంగతి. వ్యాపారులు పాతకాలపు సామానుకు ఆంటిక్, వింటేజ్ అనే మాటలను ఇష్టం వచ్చినట్టు వాడుతుంటారు. దేశాల మధ్య సరుకుల వర్గీకరణలో ఆంటిక్ అనే విభాగానికి 9706 సంఖ్య ఉంది, దానిలోకి వచ్చేది వందేళ్ళకు పైబడిన వస్తువు మాత్రమే. వింటేజ్‌కు అలాంటి కట్టుబాటు ఏదీ లేదు కాబట్టి, ఆ మాట వినిపించగానే ఏ దశాబ్దంలో తయారైందో, దానికి ఆధారం ఏమిటో అడగడం మంచిది.

సొరుగుల బల్ల విషయంలో నేను సగమే జాగ్రత్తపడ్డాను. పాత సామాను ముందు భాగం చూస్తే తెలిసేది తక్కువ, ఎందుకంటే పాలిష్ పట్టేది అక్కడే. సొరుగును పూర్తిగా బయటికి లాగి బోర్లించి, అడుగు చెక్కనూ వెనుక చెక్కనూ వెలుతురులో ఏటవాలుగా పట్టి చూడాలి. నేను పై సొరుగును అలాగే చూశాను. అడుగు చెక్క మీద గోరు ఆనించి నడిపిస్తే, చిత్రిక పట్టిన చోట పల్లంగా, మళ్ళీ కాస్త గట్టుగా చిన్న చిన్న అలలు వేలికి తగిలాయి. మూలల్లో పావురం తోకలా కోసి ఒకదానిలో ఒకటి ఇరికించిన అతుకులు ఏ రెండూ ఒకే వెడల్పులో లేవు, వాటి పక్కన వడ్రంగి కొలత కోసం గీసుకున్న సన్నని గాటు కూడా మిగిలే ఉంది. చేతి రంపం చెక్క మీద తిన్నని, ఎడం సరిగా లేని గీతలు వదులుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో విస్తరించిన గుండ్రటి యంత్రపు రంపం విల్లులా వంగిన గీతలు వదులుతుంది. ఆ సొరుగులో ఉన్నవి తిన్నని గీతలే. అది చూసి సంతోషపడి, తక్కిన మూడు సొరుగులను సగం దాకా లాగి మూసేశాను.

ఆరు నెలల తర్వాత వానాకాలంలో కింది సొరుగు బిగుసుకుపోయి, దాన్ని పూర్తిగా లాగవలసి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడింది. దాని అతుకులన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే కొలతలో ఉన్నాయి, అంటే అవి యంత్రంతో కోసినవి. యంత్రంతో కోసిన అతుకు పంతొమ్మిదో శతాబ్దం చివరి నుంచే ఉంది కనుక అదొక్కటే వయసును తేల్చదు. కానీ బల్ల వెనుక పలకను బిగించిన స్క్రూల తలల మీద కూడిక గుర్తు గాడి కనిపించింది. ఫిలిప్స్ రకంగా పిలిచే ఆ స్క్రూ 1930లలో గాని వాడకంలోకి రాలేదు. రెండు వేర్వేరు బల్లల భాగాలను కలిపి ఒకటిగా చేసిన సరుకు అది. అమ్మినతను మాత్రం ప్రతి ముక్కా మొదటిదేనని గట్టిగా చెప్పాడు. వెళ్ళి అడిగితే, పాత వస్తువులకు మరమ్మతులు సహజమని బదులిచ్చాడు. మరమ్మతు సహజమే, నాకు దాని మీద అభ్యంతరం లేదు. చెప్పకుండా దాచి, మొత్తం పాతదే అన్నట్టు అమ్మడం మీదే నా అభ్యంతరం, అది ఇప్పటికీ తగ్గలేదు.

ఇంత జరిగినా, గదిలో నేను ఎక్కువగా ఇష్టపడేది ఆ బల్లనే. ఒక మూల అతుకు వదులైనప్పుడు వడ్రంగి తడిగుడ్డ వేసి వేడి తగిలించగానే పాత జిగురు మెత్తబడి, చెక్క ఎక్కడా చిట్లకుండా కీలు విడిపోయింది. జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే ఆ జిగురు వేడికీ తడికీ లొంగుతుంది కాబట్టి, దాన్ని తుడిచి మళ్ళీ అలాంటి జిగురుతోనే అతికించాడు. పైన పూసింది లక్కతో చేసే షెల్లాక్ పాలిష్ అని, కనిపించని చోట స్పిరిట్‌లో ముంచిన దూదితో రుద్ది ముందే తెలుసుకున్నాను. అందుకే వేడి గ్లాసు పెట్టడం వల్ల పడిన తెల్లటి వలయం, స్పిరిట్ తడి తగిలీ తగలని మెత్తటి గుడ్డను తేలికగా ఆడిస్తే మాయమైంది. చెక్క పీచుకు అడ్డంగా ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది, పొడవునా దాదాపు మారదు. వానాకాలంలో సొరుగులు బిగుసుకోవడానికి కారణం అదే, దానికి జారే అంచుల మీద కొవ్వొత్తి మైనం రుద్దడం చాలు. పురుగు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. ఒకటి రెండు మిల్లీమీటర్ల గుండ్రటి బెజ్జాలు ఉన్నంత మాత్రాన భయం లేదు, అవి ఎప్పుడో వెళ్ళిపోయిన పురుగులవి కావచ్చు. బెజ్జం అంచు లేత రంగులో కొత్తగా ఉన్నా, తడితే సన్నని పొడి రాలినా, ఆ వస్తువును ఇంట్లోని తక్కిన చెక్క దగ్గరికి రానివ్వకండి.

కుర్చీల గురించి చెప్పవలసింది తక్కువే, అదే వాటి గొప్పతనం. బీచ్ అనే చెట్టు చెక్కను ఆవిరి పట్టి వంచే ఈ పద్ధతిని మైకేల్ థోనెట్ అనే జర్మన్ వడ్రంగి వాడుకలోకి తెచ్చాడు. 1859లో ఆయన సంస్థ తెచ్చిన 14వ నంబరు కుర్చీలో ఉన్నవి ఆరు చెక్క భాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు. విడదీసి సర్దితే ఒక ఘనమీటరు పెట్టెలో ముప్ఫై ఆరు కుర్చీలు పట్టేవి. నావి ఆ సంస్థవి కావు, అదే పద్ధతిలో వేరెవరో చేసినవి, అయినా మేలు మాత్రం ఒకటే. కూర్చుంటే ఊగుతున్న కుర్చీని తలకిందులు చేసి స్క్రూలు బిగిస్తే పది నిమిషాల్లో నిలకడగా నిలబడింది, చిరిగిన పేము అల్లిక స్థానంలో కొత్తది అల్లించాను. వంపు దగ్గర పీచు వెంట చీలిక ఉన్న కుర్చీని మాత్రం తీసుకోవద్దు, ఎందుకంటే బరువంతా మోసే ఆ చోట జిగురు ఎక్కువ కాలం నిలవదు. స్పాంజి నింపిన, నా కుర్చీల కాలపు సోఫాలైతే లోపలి స్పాంజి పొడిపొడిగా రాలుతుంటుంది కనుక, దాన్ని పూర్తిగా మార్చే ఖర్చును ముందే కలుపుకుని బేరం చేయాలి. పాత రంగు వేసిన వస్తువు పిల్లల గదిలోకి వెళ్ళేదైతే, ఆ రంగులో సీసం ఉందేమో పరీక్ష చేయించడం తప్పనిసరి.

కొత్త పుస్తకాల అర నన్ను నిరాశపరిచింది, అయితే ఆ తప్పులో నా వంతూ ఉంది. గోడకు కావలసిన కొలతలో దొరికింది, అరల ఎత్తు మార్చుకోవచ్చు, ముందుకు పడకుండా గోడకు బిగించే పట్టీ దానితోపాటే వచ్చింది, ఇవన్నీ మెచ్చుకోదగినవే. కానీ అది 18 మిల్లీమీటర్ల పార్టికల్ బోర్డు, అంటే చెక్క తునకలను జిగురుతో కలిపి అదిమి చేసిన పలక. 80 సెంటీమీటర్ల పొడవున్న అర నిండా పుస్తకాలు పేరిస్తే ఏడాదిలో నడుమ కిందికి వంగింది. ఒకసారి విప్పి మళ్ళీ బిగించేసరికి రంధ్రాల్లో బోర్డు పొడిగా రాలి స్క్రూలు పట్టు వదిలాయి, వాటికి వడ్రంగి చేయగలిగింది పెద్దగా లేదు. పెట్టె తెరిచినప్పటి ఘాటు వాసన వారాల తరబడి పోలేదు. ఇలాంటి బోర్డుల జిగురు నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. బోర్డు మీద ఈ1 అనే, ఫార్మాల్డిహైడ్ తక్కువగా వెలువడుతుందని తెలిపే గుర్తు గాని, అంతకంటే తక్కువ విడుదల స్థాయి గుర్తు గాని ఉందో లేదో చూడకుండా కొనడం నేను చేసిన పొరపాటు. కొత్తదే కావాలంటే ప్లైవుడ్‌తో గాని అసలు చెక్కతో గాని చేసిందాన్ని ఎంచుకోమంటాను. పరుపు కొలతకు సరిపోవలసిన మంచం, పసిపిల్లల ఊచల మంచం వంటివి మాత్రం ఇప్పటి భద్రతా ప్రమాణాలకు తగినట్టు కొత్తగానే తీసుకోవాలి.

ప్రస్తుతానికి అర చట్రాన్ని అలాగే ఉంచి, వంగిన పలకల స్థానంలో ముందంచుకు మందపాటి చెక్క పట్టీ కొట్టించిన ప్లైవుడ్ పలకలు వేయించాను. బరువైన నిఘంటువులన్నీ ఇప్పుడు అడుగు వరుసలో ఉన్నాయి, గత ఎనిమిది నెలల్లో ఆ పలకలు కొంచెం కూడా వంగలేదు.