గుర్తు తెలియని శవానికి పేరు వెతకాలంటే: వాట్సాప్ ఫొటోనా, డీఎన్ఏనా, మిస్సింగ్ జాబితానా? ఏది మేలు?

విజయవాడ హైవే పక్క పొదల్లోనో, సాగర్ కాలువ షట్టర్ల దగ్గరో శవం దొరుకుతుంది. ఒంటి మీద కత్తిపోట్లుంటాయి. మర్నాడు పేపర్ జిల్లా పేజీలో నాలుగు లైన్లు: గుర్తు తెలియని వ్యక్తి, వయసు సుమారు 35, చామనఛాయ, నీలం చొక్కా. పోయినవాడెవరో తేలకపోతే ఎవరితో పగ ఉందో, ఎవరికి బాకీ ఉన్నాడో అడగడానికి మనిషే దొరకడు. కేసు అక్కడే ఆగిపోతుంది. పోలీసులు కాని మనలాంటివాళ్లు సాయం చేయాలనుకుంటే మూడు దారులున్నాయి.

అందరూ ముందు చేసేది ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం. దీనంత వేగం దేనికీ లేదు, నిజమే. కానీ రెండు రోజులు నీళ్లలో నానిన మొహాన్ని తోడబుట్టినవాడు కూడా పోల్చలేడు. పైగా ఆ ఇంటి పిల్లలు తండ్రిని అలా ఫోన్లో చూడాల్సి వస్తుంది. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారన్న వాట్సాప్ పుకార్లతో తెలంగాణలో అమాయకులు దెబ్బలు తిని చనిపోయారు. అప్పటి గద్వాల ఎస్పీ రెమా రాజేశ్వరి జానపద కళాకారులతో ఊరూరా పాటలు పాడించి జనానికి నచ్చజెప్పాల్సి వచ్చింది. శవం ఫొటో కింద ఎవడో 'ఇది ఫలానా వాళ్ల పని' అని ఒక లైను రాస్తే చాలు, మళ్లీ అదే జరగొచ్చు. పంపక తప్పదనుకుంటే, పోలీసులే విడుదల చేసిన చొక్కా, చెప్పులు, పచ్చబొట్టు ఫొటోలు పంపండి. మొహం వద్దు.

డీఎన్ఏ దారి అమెరికాలో అద్భుతాలు చేసింది. ఒహాయోలో 1981లో దొరికిన ఒక యువతి శవానికి ఇలాంటి శవాలకు పేర్లు వెతికే డీఎన్ఏ డో ప్రాజెక్ట్ సంస్థ వాలంటీర్లు 2018లో పేరు తెచ్చారు. జనం తమ డీఎన్ఏ ఫలితాలు పెట్టుకునే జీఈడీమ్యాచ్ వెబ్‌సైట్‌లో ఆమె చుట్టాన్ని పట్టుకుని, వంశవృక్షం గీసుకుంటూ ఆమె దాకా వచ్చారు. అది అక్కడ కుదిరింది, ఎందుకంటే లక్షల మంది సరదాకి ఉమ్మి పంపి పరీక్ష చేయించుకున్నారు. మన దగ్గర అంత జనం ఎక్కడ? దానికి తోడు మేనరికాలు. తరతరాలుగా మేనమామ పిల్లల్నే చేసుకున్న ఇళ్లలో దూరపు చుట్టం కూడా లెక్కలో దగ్గరివాడిలా కనిపిస్తాడు. ఇక్కడ డీఎన్ఏ పని చివరి మెట్టులోనే: ఒక కుటుంబం 'మావాడే' అని వచ్చాక తల్లి రక్తంతో పోల్చి చూడటం. అది పోలీసుల పని.

నా ఓటు మిస్సింగ్ జాబితాకే. కెంటకీలో 1968లో దొరికిన 'టెంట్ గర్ల్' పేరు 1998లో తేల్చింది టాడ్ మాథ్యూస్ అనే ఫ్యాక్టరీ కార్మికుడు. ఆమె చెల్లెలు ఇంటర్నెట్లో పెట్టిన ప్రకటన అతని కంటపడింది. అంటే ఒకరు వెతుకుతున్నట్టు ఎక్కడో రాసి ఉంది కాబట్టే పని జరిగింది. మన దేశంలోనూ తప్పిపోయిన తమవాళ్లను గుర్తు తెలియని మృతదేహాల రికార్డులతో పోల్చుకునే ఆన్‌లైన్ సేవను జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ 2020లో తెచ్చింది.

వలస కూలీల పాలమూరులో చిక్కంతా ఇక్కడే. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణెకో ముంబైకో పోయినవాడు ఫోన్ చేయకపోతే ఇంట్లో ఏమనుకుంటారు? 'సిమ్ మార్చిండేమో, పండక్కి వస్తడు తీయ్.' ఫిర్యాదు ఉండదు. శవం ఒక రికార్డులో ఉంటుంది, మనిషి ఏ రికార్డులోనూ ఉండడు. కాబట్టి శవాల ఫొటోల వెంట పడేకన్నా, ఊళ్లో జాడ తెలియనివాళ్ల ఇంటికెళ్లి స్టేషన్లో ఫిర్యాదు రాయించడమే అసలు సాయం.

రాయించేటప్పుడు 'ఎత్తు ఐదున్నర, చామనఛాయ' అంటే లక్ష మందికి సరిపోతుంది. ముంజేతి పచ్చబొట్టులో ఏ అక్షరాలు, కాలికి రాడ్డు వేశారా, ముందు పన్ను విరిగిందా, మొలతాడుకు తాయెత్తు ఉందా, అవి రాయించాలి. బట్టలు కుట్టించుకునేవాడైతే టైలర్ ఎవరో కూడా. కాలర్ లోపల లేబుల్ మీద 'దేవరకొండ' అని ఉంటే వెతకాల్సింది రాష్ట్రమంతా కాదు, నాలుగు వీధులు. రెడీమేడ్ చొక్కాలొచ్చాక ఈ ఆధారం తగ్గింది, ఏం చేస్తాం.

ఆలస్యం మాత్రం వద్దు. మార్చురీలో సాధారణంగా మూడు రోజులే ఉంచుతారు, ఆ తర్వాత పూడ్చేస్తారు.

పోలిక కుదిరిందనిపిస్తే నేరుగా ఆ ఇంటికి ఫోన్ చేయకండి. చంపినవాడు ఆ ఇంట్లోనే ఉండొచ్చు, తీసుకుపోయిన మేస్త్రీ అయినా కావొచ్చు. శవం దొరికిన స్టేషన్ ఎస్ఐకి క్రైమ్ నంబరు (కేసు నంబరు), తప్పిపోయినవాడిదీ శవానిదీ రెండు ఫొటోలు, పోలికలు కాగితం మీద రాసి ఇచ్చి, రసీదు తీసుకోండి.