మొహావీ ఎడారిలో నల్లకొండ: యాంబాయ్ క్రేటర్‌కు ఒక పూట

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్టుమెంటు నుంచి అమెరికా వెళ్ళే తెలుగు కుటుంబాలన్నీ దాదాపు ఒకే పట్టిక రాసుకుంటాయి: లాస్ ఏంజెలిస్, లాస్ వేగాస్, గ్రాండ్ కెన్యన్. వాళ్ళు కారులో దాటిపోయే కాలిఫోర్నియా మొహావీ ఎడారిలోనే యాంబాయ్ క్రేటర్ అనే చల్లారిన అగ్నిపర్వతం ఉంది. దానికి ఒక పూట పెట్టడం దండగ కాదా అని మమ్మల్ని చాలామంది అడుగుతున్నారు. కాదు. వేగాస్‌లో ఒక రాత్రి తగ్గించుకునైనా వెళ్ళండి.

కొండ ఎత్తు 75 మీటర్లే. అయితే మనం ఉదయం పూట నడిచే లాల్‌బాగ్ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్ళు; యాంబాయ్ పుట్టి వేల ఏళ్ళే అయింది. అంత పాత రాతి మీద కాపురం ఉంటున్న మనకు ఇంత కొత్త నేల మీద అడుగు పెట్టే అవకాశం ఎక్కడ దొరుకుతుంది? వాయువులు నిండిన లావా పైకి చిమ్మి, గాలిలోనే తునకలై, చల్లారుతూ చుట్టూ రాలి పోగుపడితే ఏర్పడిన కొండ ఇది. ఒక రాయి చేతిలోకి తీసుకున్నాను. కొలిమి పక్కన పారబోసిన చిట్టెంలా నల్లగా, గరుకుగా, ఒళ్ళంతా బుడగలు పేలిన గుంతలతో ఉంది. చూపుకు తగిన బరువు లేదు. అంచులు మాత్రం వేలు గీసుకునేంత పదును.

రానుపోను నడక సుమారు 5 కిలోమీటర్లు. చాలా దూరం చదునే. పడమటి వైపు కొండ గోడ ఒకప్పుడు తెగి లావా బయటికి పారింది. మనం లోపలికి వెళ్ళేదీ ఆ గండి గుండానే. చివరి ఎక్కుడు నిటారుగా ఉంటుంది, రాళ్ళు పాదం కింద జారతాయి. చెప్పులతో వద్దు, మడమ పట్టి ఉంచే బూట్లు వేసుకోండి. బిలం లోపల అంతా నలుపే ఉంటుందనుకుంటాం గానీ, లావా అడ్డుకట్టల వెనుక లేత గోధుమరంగు బంకమట్టి పేరుకుని చదునుగా పరుచుకుని ఉంది.

అంచు మీదికి ఎక్కితే 60 చదరపు కిలోమీటర్లకు పైగా లావా మైదానం, దాని అవతల బ్రిస్టల్ ఎండుసరస్సు తెల్లటి ఉప్పు కనిపిస్తాయి. తూర్పు వైపు తప్పక చూడండి. పడమటి గాలి మోసుకొచ్చే ఇసుకను కొండ అడ్డుకోవడం వల్ల, దాని వెనుక నేల మిగతా చోట్ల కన్నా నల్లగా, ఒక పొడవాటి చారలా మిగిలిపోయింది. ఆ చార ముందు మేము చాలాసేపు నిలబడిపోయాం. ఉత్తరాన రైలు మార్గం మీద సరుకు బండ్లు వెళ్తుంటాయి. ఆ మార్గంలో స్టేషన్లకు ఒకప్పుడు యాంబాయ్, బ్రిస్టల్, కేడిజ్, డాన్బీ అంటూ ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్లు పెట్టారు.

ఇక వసతుల సంగతి. ప్రవేశ రుసుము లేదు. కారు నిలిపే చోట మరుగుదొడ్లు, నీడకు పందిళ్ళు ఉన్నాయి; మంచినీళ్ళు లేవు. తలకు మూడు లీటర్లకు తక్కువ కాకుండా తీసుకెళ్ళండి. ఫోను పనిచేస్తుందన్న ఆశ పెట్టుకోకుండా దారి పటాన్ని ముందే దించుకోండి. రూట్ 66 అనే పాత రహదారి మీద ఉన్న యాంబాయ్ ఊళ్ళో 1938 నుంచి ఉన్న రాయ్స్ అనే పెట్రోలు బంకు, మోటెల్ దగ్గర పెట్రోలు, శీతల పానీయాలు దొరికాయి. 1959 నాటి దాని పెద్ద బోర్డు చూడముచ్చటగా ఉంది. మేము వెళ్ళినప్పుడు గదులు ఇవ్వడం లేదు.

అందుకే బస ట్వెంటీనైన్ పామ్స్ అనే ఊళ్ళో. అక్కడి నుంచి యాంబాయ్‌కి దాదాపు 80 కిలోమీటర్లు, రోడ్డు బాగుంది. మేము దిగిన మోటెల్ గది శుభ్రంగా ఉంది, ఫ్రిజ్ ఉంది; శాకాహారులకు అల్పాహారంలో రొట్టె, పళ్ళు తప్ప ఏమీ లేవు. బెంగళూరు నుంచి తెచ్చుకున్న పులిహోర పులుసు, చిన్న రైస్ కుక్కర్ మమ్మల్ని ఆదుకున్నాయి. జాషువా ట్రీ నేషనల్ పార్కు ద్వారం ఒకటి ఆ ఊరి పక్కనే కాబట్టి రెండూ కలిపి చూడవచ్చు. కారు అద్దెకు ఇచ్చినవాళ్ళు మాత్రం మేము అడగని బీమా బిల్లులో చేర్చారు. సంతకానికి ముందు ప్రతి పంక్తీ చదవండి.

అరిజోనాలో ఫ్లాగ్‌స్టాఫ్ దగ్గరి సన్‌సెట్ క్రేటర్ కూడా ఇదే జాతి కొండ. సుమారు 1085లో పేలింది, 300 మీటర్లకు పైగా ఎత్తు, శిఖరం దగ్గర ఎర్రటి ఛాయ. అందంలో యాంబాయ్‌ని మించుతుంది. 1928లో ఒక సినిమా సంస్థ దాని వాలును మందుగుండుతో పేల్చాలని చూస్తే స్థానికులు అడ్డుపడ్డారు. 1930లో అది జాతీయ స్మారకం అయింది. జనం అడుగులకు వాలు కోసుకుపోతుండటంతో 1973 నుంచి కొండ ఎక్కనివ్వడం లేదు, కింద లావా మీద నడక మాత్రమే. ఆ నిషేధం న్యాయమైనదే. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళతో వెళ్తే అదే మేలు. బిలంలోకి దిగి చూడాలంటే యాంబాయే.

అక్టోబరు చివరి నుంచి మార్చి లోపు, తెల్లవారగానే నడక మొదలుపెట్టండి. పిల్లల వేసవి సెలవుల్లోనే వీలవుతుందంటే యాంబాయ్ జోలికి పోవద్దు, నీడ లేని ఆ దారిలో ఎండ ప్రాణాంతకం. అప్పుడు రెండు వేల మీటర్ల ఎత్తున ఉన్న సన్‌సెట్ క్రేటర్‌ను చూసి, యాంబాయ్‌ని డిసెంబరు ప్రయాణానికి ఉంచుకోండి.