డ్యూయల్ కంట్రోలర్ అన్న మాట నమ్మి ఆ సెల్లర్ దగ్గర స్టోరేజ్ కొనకండి

కోపం ఇంకా చల్లారలేదు, కాబట్టి కాస్త అటూ ఇటూగా రాస్తే సర్దుకోండి. సెల్లర్ పేరు రాయను. సెకండ్ హ్యాండ్ సర్వర్ సామాను వెతికేవాళ్లకి ఆ పేరు నేను చెప్పక్కర్లేదు. స్టోరేజ్ అని కొట్టగానే పైన తేలే దుకాణం, ప్రతి లిస్టింగ్‌లోనూ 'ఫుల్లీ టెస్టెడ్' అని ఎర్ర రంగులో రాసుకునేది. అదే.

సంగతి టూకీగా. మా దగ్గర రెండు ఈఎస్ఎక్స్ఐ హోస్టులున్నాయి, అంటే వీఎంవేర్ సాఫ్ట్‌వేర్‌తో నడిచే సర్వర్లు. ఒకటి పడిపోతే అందులోని వీఎంలు (వర్చువల్ మెషీన్లు) రెండోదాంట్లో లేవాలి. అలా లేవాలంటే రెండింటికీ కనబడే స్టోరేజ్ ఒకటి ఉండాలి. స్టోరేజ్ కోసమే వేసే ఫైబర్ చానల్ నెట్‌వర్క్‌కి స్విచ్‌లు, కార్డులు కొనే స్తోమత లేదు. ఉన్న ఈథర్‌నెట్ మీదే ఐస్కజీతో (మామూలు నెట్‌వర్క్ మీద డిస్కుల్ని అందించే పద్ధతి) పని కానిద్దాం అనుకుని, రీఫర్బిష్డ్ అర్రే (డిస్కుల పెట్టె) ఒకటి చూశాం. పెట్టెలో డిస్కుల్ని నడిపే కంట్రోలర్లు రెండు, ఒకటి పోతే రెండోది చూసుకోవాలి. కొనేముందు నేను అడిగింది ఒక్కటే: "రెండు కంట్రోలర్లూ పనిచేస్తాయా?" జవాబు వెంటనే వచ్చింది. "సర్, రెండూ యాక్టివ్, ఐస్కజీ టెస్టెడ్, ఏ హోస్ట్‌కైనా తగిలించుకోవచ్చు సర్." మూడు ముక్కలకి రెండు సర్లు. అప్పుడే అనుమానం రావాల్సింది.

పెట్టె వచ్చింది, కనెక్ట్ చేశాం. ఇక్కడివరకు ఏ తేడా లేదు. కంట్రోలర్ల పేర్లు 'ఏ', 'బీ'. ఒక్కో కంట్రోలర్‌కి రెండు పోర్టులు, రెండు వేర్వేరు సబ్‌నెట్లు, ప్రతి హోస్ట్ మీద ఒక్కో సబ్‌నెట్‌కి ఒక్కో వీఎంకెర్నల్ పోర్ట్ (హోస్ట్ తన సొంతానికి వాడుకునే నెట్‌వర్క్ పోర్ట్). సబ్‌నెట్లు వేరు కాబట్టి పోర్ట్ బైండింగ్ (ఐస్కజీని ఫలానా పోర్టులకే కట్టేయడం) జోలికి వెళ్లలేదు. హోస్టుల ఐక్యూఎన్‌లు (ఐస్కజీ పేర్లు) అర్రేలో నమోదు చేశాం, చాప్ (లాగిన్‌కి రహస్య పదం) పెట్టాం, 3260 పోర్ట్ మీద డిస్కవరీ కొట్టగానే టార్గెట్లు కనబడ్డాయి. ఎంటీయూ (ఒక్కో ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెట్టి, వీఎంకేపింగ్‌ని (హోస్ట్ నుంచి పింగ్ కొట్టే కమాండ్) ముక్కలు చేయకుండా 8972 బైట్లతో పంపి చూశాం, చివరిదాకా వెళ్లింది. లన్ (అర్రే హోస్టులకి ఒక డిస్క్‌లా చూపించే వాటా) మీద వీఎంఎఫ్ఎస్ (వీఎంవేర్ ఫైల్ సిస్టమ్) వేశాం. ప్రతి హోస్ట్‌కీ లన్ దగ్గరికి నాలుగు పాత్‌లు, అంటే దారులు, నాలుగూ యాక్టివ్. దారుల్ని వంతులవారీగా వాడుకునేలా రౌండ్ రాబిన్ పెట్టాం. కేబుళ్లు ఒక్కొక్కటే పీకి చూశాం, ఆఖరికి 'ఏ' కంట్రోలర్ కేబుళ్లు రెండూ కలిపి పీకాం. వీఎంలకి చీమ కుట్టినట్టు కూడా లేదు. సెల్లర్‌కి ఫైవ్ స్టార్ ఇచ్చింది కూడా ఆరోజే, ఎవరైనా నవ్వుకోవాలంటే నవ్వుకోవచ్చు.

ఒక్కటే లోటు, రాతలు నెమ్మదిగా ఉన్నాయి. అర్రే కన్సోల్‌లో పసుపు గుర్తు, పక్కన 'డిగ్రేడెడ్' అని ఉంది. చూస్తే 'ఏ' కంట్రోలర్‌లో క్యాష్ బ్యాటరీ (రాతల్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమొరీని కరెంటు పోయినా కాపాడేది) గడువు దాటిపోయింది. బ్యాటరీ నమ్మకంగా లేకపోతే అర్రే రైట్ బ్యాక్ (మెమొరీలో పడగానే 'అయింది' అనడం) ఆపేసి రైట్ త్రూకి మారుతుంది, అంటే డేటా డిస్క్ మీద పడ్డాకే హోస్ట్‌కి 'అయింది' అని చెబుతుంది. కరెంటు పోతే డేటా పోకుండా అది చేసే జాగ్రత్త, దాన్ని తప్పుపట్టలేం. సెల్లర్‌ని అడిగితే, "ఆ పసుపు గుర్తు బ్యాటరీదే సర్, ఇంకేం లేదు, పట్టించుకోకండి. బ్యాటరీ వారంటీలోకి రాదు" అన్నాడు. సరే, బ్యాటరీయే కదా అని వేరేచోట కొన్నాం.

'ఇంకేం లేదు' అన్న ఆ మాట గుర్తుపెట్టుకోండి.

ఈ మోడల్‌లో బ్యాటరీ మార్చాలంటే ఆ కంట్రోలర్‌ని పూర్తిగా బయటికి లాగాలి. రెండు కంట్రోలర్లు పెట్టుకునేదే అందుకు కదా, ఒకటి లాగితే రెండోది చూసుకుంటుంది. లన్‌లన్నీ బీ వైపుకి మార్చమని చెప్పి లాగి ఉంటే అక్కడే బయటపడేదేమో. కానీ మాన్యువల్‌లో నేరుగా లాగొచ్చనే ఉంది. లాగాం.

నాలుగు పాత్‌లూ ఒకేసారి డెడ్. రెండు హోస్టుల మీదా. వీఎంలు ఎక్కడివక్కడ బిగుసుకుపోయాయి. ఆల్ పాత్స్ డౌన్ అని ఈఎస్ఎక్స్ఐ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. 140 సెకన్లు దాటితే హోస్ట్ తన సొంత పనులకి ఆశ వదిలేస్తుంది, వీఎంల రాతల్ని మాత్రం పంపుతూనే ఉంటుంది. కంట్రోలర్ మళ్లీ లోపలికి తోసినా అది బూట్ అయ్యేసరికి ఆ గడువు ఎప్పుడో దాటింది. లినక్స్ వీఎంలు ఫైల్ సిస్టమ్‌ని రీడ్ ఓన్లీ చేసుకుని కూర్చున్నాయి. డేటాబేస్ వీఎం లేవలేదు, బ్యాకప్ నుంచి తెచ్చుకున్నాం. ఆ బ్యాకప్‌కి, నష్టం జరిగిన క్షణానికి మధ్య జనం టైప్ చేసిందంతా గంగలో కలిసింది. వాళ్లందరికీ మెయిల్ రాయాల్సింది నేనే.

మరి కేబుళ్లు పీకినప్పుడు ఎందుకు నిలబడింది? అసలు కిటుకు ఇక్కడే ఉంది. 'ఏ' కేబుళ్లు పీకినా 'ఏ' కంట్రోలర్ బతికే ఉంది. హోస్ట్ బీ దగ్గరికి వెళ్లి బ్లాక్ అడిగితే, బీ ఆ చీటీని పెట్టె లోపలి దారిలో 'ఏ' చేతికిచ్చి, జవాబు పట్టుకొచ్చి మనకి ఇస్తోంది. ఆలూవా (ఏది దగ్గర దారో, ఏది చుట్టుదారో హోస్ట్‌కి చెప్పే పద్ధతి) ఉన్న అర్రేల్లో ఇది మామూలే, ఆ దారిని నాన్ ఆప్టిమైజ్డ్ అంటారు. అది మామూలుగా జరగడం వేరు, ఎప్పుడూ అలాగే జరగడం వేరు. మా బీ కంట్రోలర్‌కి డిస్కులే కనబడవు. ఒక్కటంటే ఒక్కటి కూడా.

ట్రే ఒకటి బయటికి తీసి చూశాక విషయం అర్థమైంది. డిస్కుల్లో సాస్, సాటా అని రెండు రకాల కనెక్షన్లు. లోపల ఉన్నవి సాటా డిస్కులు. సాస్ డిస్క్‌కి రెండు పోర్టులుంటాయి, 'ఏ'కి ఒకటి, 'బీ'కి ఒకటి. సాటాకి ఉండేది ఒక్కటే. దాన్ని రెండు కంట్రోలర్లకీ చూపించాలంటే డిస్క్ వెనక ఇంటర్‌పోజర్ అని చిన్న బోర్డు ఒకటి తగిలించాలి. మా ట్రేల్లో అది లేదు. ఎప్పుడూ లేదా అంటే, ఉండేది! ట్రే పక్క రేకులకి స్క్రూ రంధ్రాలు రెండు వరసలున్నాయి. ముందు వరసకి బిగిస్తే డిస్క్ కాస్త ముందుకి జరిగి వెనకాల బోర్డుకి చోటు మిగులుతుంది, వెనక వరసకి బిగిస్తే డిస్కే నేరుగా కనెక్టర్‌లోకి వెళుతుంది. మా డిస్కులన్నీ వెనక వరసకి బిగించి ఉన్నాయి. ముందు వరస రంధ్రాల చుట్టూ మాత్రం స్క్రూ తలలు ఒరిసిన గుండ్రటి గీతలు, ప్రతి ట్రేకీ, రెండు వైపులా. అంటే ఎవరో కూర్చుని, ఒక్కొక్క ట్రే విప్పి, బోర్డు తీసేసి, డిస్క్‌ని వెనక్కి జరిపి మళ్లీ బిగించారు. పొరపాటున జరిగే పని కాదిది. ఓపిగ్గా చేసే పని.

ఫోన్ చేశాను. మొదట "ఎంటీయూ చూసుకోండి బ్రదర్" అన్నాడు. డబ్బులు చేతిలో పడ్డాక సర్ కాస్తా బ్రదర్ అయ్యాను. ఎంటీయూ చూశామన్నాను. "అయితే చాప్ సీక్రెట్ తప్పు కొట్టుంటారు." లాగిన్ అయ్యే ఉందండీ, నాలుగు సెషన్లూ ఉన్నాయి అన్నాను. "మరి లాగిన్ అయ్యాక ఇంకేం కావాలి? ఐస్కజీ కనెక్ట్ అయిందా లేదా?" అయింది. "అంతే మా బాధ్యత. ఫెయిలోవర్ అవీ మీ వీఎంవేర్ వాళ్లని అడగండి. ముందు మల్టీపాత్ అంటే ఏంటో నేర్చుకుని ఫోన్ చేస్తే బాగుంటుంది." పక్కన ఎవరో నవ్విన శబ్దం కూడా వినబడింది.

అప్పుడు ఇంటర్‌పోజర్ మాట ఎత్తాను. ట్రే ఫొటో పంపాను. కాసేపు మాట లేదు. తర్వాత గొంతు మార్చి, చాలా నిదానంగా, చిన్నపిల్లాడికి పాఠం చెప్పినట్టు అన్నాడు: "చూడండి. రెండు కంట్రోలర్లు ఉన్నాయని చెప్పాం. రెండూ యాక్టివ్ అని చెప్పాం. రెండూ డిస్కుల్ని చూస్తాయని ఎక్కడైనా రాశామా?"

ఇది విన్నాక నాకు మాట రాలేదు. డేటా పోయిందని చెప్పినప్పుడు కూడా ఇంత మండలేదు. తెలియక అమ్మాడంటే ఒక లెక్క. ఈయనకి ఏం రాయకూడదో కూడా తెలుసు! ఈయనే, బ్యాటరీదే ఆ పసుపు గుర్తు, ఇంకేం లేదు అన్నది. కన్సోల్‌లో రెండు వేర్వేరు లోపాలకి గుర్తు ఒక్కటే. బ్యాటరీ మారాక కూడా అది పోలేదు. డిస్క్ పేజీలోకి వెళ్లి ఒక్కో డిస్క్ వివరాలు తెరిస్తే, 'సింగిల్ పాత్' అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. కొనేముందు ఆయన పంపిన స్క్రీన్‌షాట్ మళ్లీ తీసి చూశాను. రెండు కంట్రోలర్లూ పచ్చగా ఉన్నాయి, ఆప్టిమల్ అని ఉంది. బొమ్మ కింది అంచు సరిగ్గా 'అలర్ట్స్' అన్న శీర్షిక మీదుగా కోసేసి ఉంది. అక్షరాల పై సగం మాత్రమే కనబడుతోంది. అంత కొలిచి కోసిన చేతికి దండం పెట్టాలి.

ప్లాట్‌ఫాంకి ఫిర్యాదు చేశాం. రిటర్న్ గడువు అయిపోయింది, వస్తువు వివరణకి తగ్గట్టే ఉంది అని కేసు మూసేశారు. వివరణలో అబద్ధం లేదు కదా మరి! నా ఫైవ్ స్టార్ రివ్యూ మార్చే వీలు కూడా గడువుతోపాటే పోయింది, అది ఇంకా అక్కడే మెరుస్తోంది.

ఇంటర్‌పోజర్లు విడిగా వెతుకుతున్నాం. ఆ మోడల్‌వి దొరకడం కష్టంగానే ఉంది, దొరికినా అర్రే ఫర్మ్‌వేర్ ఒప్పుకోవాలి. సాస్ డిస్కులు కొంటే పోతుందిగా అనేవాళ్లకి: చాలా కంపెనీల అర్రేలు తమ ఫర్మ్‌వేర్ ఉన్న డిస్కుల్నే తీసుకుంటాయి, బయటివి పెడితే మొహం తిప్పుకుంటాయి.

పాత స్టోరేజ్ కొనేవాళ్లు ఏ దుకాణమైనా సరే ఇవి అడగండి. డిస్కుల మోడల్ నంబర్లు, సాస్‌వా సాటావా. కనెక్టర్ ఫొటో తెప్పించుకుంటే ఇట్టే తెలిసిపోతుంది: డేటా భాగానికి, పవర్ భాగానికి మధ్య ఖాళీ ఉంటే సాటా, ఖాళీ లేకుండా ప్లాస్టిక్ కలిసిపోయి ఉంటే సాస్. కన్సోల్ అలర్ట్స్ పేజీ పూర్తిగా, కోయకుండా. లన్ మీద రాతలు నడుస్తుండగా 'ఏ' కంట్రోలర్‌ని చేత్తో బయటికి లాగిన వీడియో, తర్వాత బీది కూడా. కేబుల్ పీకిన వీడియో పంపితే అది లెక్కలోకి రాదు, ఎందుకో పైన చెప్పాను. అర్రే మోడల్, ఫర్మ్‌వేర్ మీ ఈఎస్ఎక్స్ఐ వెర్షన్‌కి కంపాటిబిలిటీ గైడ్‌లో (దేనితో ఏది పనిచేస్తుందో చెప్పే జాబితా) ఉన్నాయో లేదో కూడా చూసుకోండి.

ఆ దుకాణంలో ఇప్పటికే కొని వాడుతున్నవాళ్లు మీలో ఉంటే, 'ఏ' కంట్రోలర్‌ని రీస్టార్ట్ చేయకండి, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కూడా పెట్టకండి, అప్‌డేట్‌లో కంట్రోలర్లు వంతులవారీగా రీబూట్ అవుతాయి. ముందు డిస్క్ వివరాల్లో సింగిల్ పాత్ అని ఉందేమో చూడండి. ఉంటే బ్యాకప్ తీసి, వీఎంలన్నీ ఆపి, ఆ తర్వాతే ట్రే మీద చెయ్యి వేయండి.