కారు షెడ్డుని మేకల కొట్టం చేయించాం, ఫ్యాబ్రికేషన్ షాపుకి 3 స్టార్లు

షాపు పేరు రాయట్లేదు, ఎందుకంటే ఆయన వెల్డింగుకి నేను వంక పెట్టను, గొడవంతా వేరే చోట. బెంగళూరు పక్కన హొసకోట దాటాక మాకో చిన్న సైటు ఉంది, ఇల్లు కట్టుకున్నప్పుడే పక్కన కారుకని 18 బై 10 అడుగుల ఇనుప షెడ్డు వేయించాం, ఆరు స్తంభాలు, పైన కలర్ షీటు, నాలుగు పక్కలా ఓపెన్. మా అత్తమ్మది హిందూపురం దగ్గర పల్లె. అక్కడ మేకలన్నీ అమ్మేసి మా దగ్గరికి వచ్చినప్పటినుంచి ఆమె కన్నంతా ఆ షెడ్డు మీదే. "బండికి అంత నీడెందుకమ్మా, అదేమన్నా ఈనుతుందా?" అనేది. ఆఖరికి ఆమె మాటే నెగ్గింది, కారు కానుగ చెట్టు కిందికి పోయింది, పూలు రాలే రోజుల్లో ఆ బానెట్టు చూసి మా ఆయన మొహం ఎలా పెడతారో చెప్పక్కర్లేదు.

సరే పని సంగతి. షాపాయనది కోలారు పక్క, తెలుగే మాట్లాడతాడు కాబట్టి అత్తమ్మకి బాగా కలిసింది. వచ్చీ రాగానే ఆయన చేసిన మొదటి పని స్తంభాల అడుగున మోకాళ్ళ మీద కూర్చుని చూడటం. పాతవాళ్ళు ఒక్కో బేస్ ప్లేటుకి, అంటే స్తంభం అడుగునుండే ఇనుప పలకకి, రెండే రెండు సన్న బోల్టులు కొట్టి వదిలేశారంట. "ఇన్నాళ్ళు పక్కలు ఓపెన్ కాబట్టి గాలి ఇట్లొచ్చి అట్ల పోయింది మేడమ్, ఇప్పుడు రేకులు కొడితే గాలంతా దానికే తగులుతాది, ఏప్రిల్ మే గాలివానకి షెడ్డుకి షెడ్డే లేస్తాది" అన్నాడు. ప్లేట్లు మార్చి ఒక్కోదానికి నాలుగు 12 ఎంఎం యాంకర్ బోల్టులు వేసి, మూలల్లో క్రాస్ సపోర్టులు వెల్డ్ చేశాడు, వెల్డింగు వేడికి పైపు మీది జింకు పూత కాలిపోయిన చోటల్లా జింకు పెయింట్ కూడా పూశాడు. ఇది మేం అడగలేదు, మాకు తెలీదు కూడా, అందుకే ఆ మూడు స్టార్లు. నిరుడు మేలో పక్క లేఅవుట్లో ఒకరి రేకులు రోడ్డు మీద పడ్డాయి, మాది కదల్లేదు.

తర్వాతే మొదలైంది అసలు కథ. ఈయనకి మేక అన్నా కారన్నా ఒకటే, లోపల పెట్టి తాళమేసేదే. ఎన్ని పడతాయన్నా అంటే ఇరవై పడతాయన్నాడు. పెద్ద మేకకి 10 నుంచి 12 చదరపు అడుగులు కావాలి, పోతుకైతే 20 పైనే, మేత తొట్టికి, మనం నడిచే దారికి పోను 180 అడుగుల్లో పది పెడితే అదే ఎక్కువ. మేం ఆరే పెట్టుకున్నాం. నాలుగు పక్కలా కింది నుంచి పై దాకా రేకు కొట్టేశాడు, సందు లేదు, "దొంగలు, కుక్కలు, చలి, ఏదీ రాదు" అని మురిసిపోయాడు, మేమూ ఔను కదా అనుకున్నాం, అక్కడ మాదీ తప్పుంది.

డిసెంబరులో ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే లోపల వానపడినట్టుంది. రాత్రంతా మేకల ఊపిరి ఆవిరి పోయి చల్లటి రేకుకి పట్టి, బొట్లు బొట్లుగా వాటి వీపుల మీదే కారుతోంది. రెండు మేకలు దగ్గుతున్నాయి, ఒకదానికి కళ్ళల్లో నీళ్ళు. పశువుల డాక్టరు వచ్చి మందు కంటే ముందు నన్ను "ఇక్కడ గొంతుక్కూర్చుని ఊపిరి పీల్చండి" అన్నారు. నిలబడితే ఏమీ తెలీలేదు, కూర్చుంటే ముక్కు మండిపోయింది. మేక పడుకుంటే దాని ముక్కు ఉండేది ఆ ఎత్తులోనే కదా. ఉచ్చ నుంచి వచ్చే అమ్మోనియా అది, బయటికి పోయే దారే లేదు. ఇంకా ఎండాకాలం కూడా రాలేదప్పటికి, ఆ రేకుల డబ్బాలో ఏప్రిల్ మధ్యాహ్నం ఊహించుకోండి.

మళ్ళీ షాపాయన్ని పిలిచాం. పొడుగు గోడలు రెండింటికీ పైన అడుగున్నర మేర రేకు కోయించి వెల్డ్ మెష్, అంటే ఇనుప జాలీ, పెట్టించాం. కిందేమో పోతు కుమ్మి కుమ్మి రేకుని సొట్టలు చేసింది, ఒక చోట అంచు లేచి దాని మోకాలు కోసుకుంది, దాంతో మూడడుగుల ఎత్తు దాకా రేకు తీసేసి రాతి బండలు నిలబెట్టాం, కంచెకి వాడే ఆ బండలు మా పక్క ఎక్కడైనా దొరుకుతాయి. రాయైతే కుమ్మినా ఏం కాదు, తుప్పూ లేదు. ఇదంతా ముందే అడిగుంటే అప్పుడే అయిపోయేది, రేకు కొట్టడానికీ డబ్బులే, కోయడానికీ డబ్బులే.

వేడికని పైకప్పు కింద వెండి కాగితం లాంటి బబుల్ షీటు వేశాడు. మంచిదే, కానీ అందే ఎత్తులో చివర్లు వేలాడదీసి పోయాడు. మరుసటి రోజు పొద్దున చూస్తే మా చుక్కల మేక మూతికి మెరుపులంటుకుని పెళ్ళికూతురిలా నమిలేస్తోంది. అత్తమ్మ పరుగెత్తి నోట్లో చెయ్యిపెట్టి లాగింది, జానెడు ముక్క వచ్చింది. "ఏం నాయనా, మేక ఏది పడితే అది తింటుందని మీ ఊళ్ళో తెలీదా?" అని ఫోన్లో ఆమె పెట్టిన చివాట్లకి ఆయన ఆ సాయంత్రమే వచ్చి చివర్లన్నీ ఫ్లాట్ పట్టీలతో బిగించి పోయాడు, డబ్బులు తీసుకోలేదు.

నేల సంగతి కూడా. బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం (జీకేవీకే) కృషి మేళాలో చూసిన, నేలకి ఎత్తులో సందులు వదిలి వేసే ప్లాస్టిక్ అటకలు నా మనసులో ఉన్నాయి, పెంటికలు సందుల్లోంచి కింద పడిపోతాయి, మేక పొడిగా ఉంటుంది. కానీ కారు షెడ్డుకి ఎత్తెక్కడిది? మాది పల్లపు వైపు ఏడున్నర అడుగులే, రెండున్నర అడుగుల అటక వేస్తే మిగిలేది ఐదు, నెత్తి మీదే కాలే రేకు. అందుకని కప్పు ఎత్తుగా ఉన్న సగంలోనే అటక, ఇంకో సగం మామూలు నేల. అటక రీపర్ల (అడ్డ పట్టీల) మధ్య సందు చిటికెన వేలంత, అంతకన్నా ఎక్కువైతే మేకపిల్లల కాళ్ళు ఇరుక్కుంటాయి, ఆయన మొదట బొటనవేలంత వదిలాడు, మళ్ళీ పీకించాం. ఇనుప స్తంభాల చుట్టూ అడుగెత్తు కాంక్రీటు కూడా చెప్పి వేయించుకోండి, ఉచ్చ తగిలితే జింకు పూతున్న జీఐ పైపైనా నిలవదు.

కొటేషన్ 1,18,000, అయ్యింది 1,46,000. పెరిగిన దాంట్లో సగం మా తెలివితక్కువ, సగం ఆయనది. ఇనుప పనికైతే ఆయన్నే పిలుస్తా, గాలి ఎటు రావాలి ఎటు పోవాలి అన్నది మాత్రం కాగితం మీద గీసి ముందే చేతికిస్తా. తలుపు గడియ ఇంకా మార్చలేదు, పక్కకి జరిపే మామూలు గడియే, పోతు దాన్ని మూతితో తీసేస్తోంది, ప్రస్తుతానికి పాత పలుపుతో కట్టాం. 6,000 ఆపి పెట్టాను, ఆదివారం వస్తానన్నాడు, ఇది మూడో ఆదివారం.